అడుగు ఎక్కడ పడాలి? పర్వత చిత్తడి నేలల్లో సందర్శకుల నిర్వహణ

2005 నవంబరు 8వ తేదీన రామ్‌సార్ ఒప్పందపు జాబితాలో చేరిన పర్వత ప్రాంతపు చిత్తడి నేలల్లో రెండింటిని ఇక్కడ పోల్చి చూడవచ్చును. ఒకటి హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్-స్పితి జిల్లాలో సుమారు 4,300 మీటర్ల ఎత్తున ఉన్న చంద్రతాల్. రెండవది జపాన్ ప్రధాన ద్వీపమైన హొన్షూ నడుమ, 1,400 మీటర్ల ఎత్తున పరచుకొన్న ఒజె. గుర్తింపు ఒకే రోజున లభించినా సందర్శకుల నిర్వహణలో ఈ రెండింటి అనుభవానికి పోలిక లేదు. ఒజె అర్ధ శతాబ్దానికి పైగా జనప్రవాహాన్ని ఎదుర్కొన్నది, తప్పులు చేసినది, వాటిని దిద్దుకొనే ప్రయత్నమూ చేసినది. చంద్రతాల్‌కు ఆ పరీక్ష ఇప్పుడు మొదలవుతున్నది. 2020 అక్టోబరులో అటల్ సొరంగం ప్రారంభమైన తర్వాత లాహౌల్ వైపు రాకపోకలు సులభమయ్యాయి. రహదారి తెరచి ఉండే కొద్ది నెలల్లోనే వాహనాలు బారులు తీరుతున్నాయి. హైదరాబాదు, విశాఖపట్నాల నుంచి మోటారు సైకిళ్లపై వెళ్లే యువకులు కూడ ఆ బారుల్లో ఉన్నారు.

ఇటువంటి చోట్ల చర్చ సాధారణంగా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. రోజుకు ఎంతమందిని అనుమతించాలి? పశుగ్రాస శాస్త్రం నుంచి అరువు తెచ్చుకొన్న ధారణ సామర్థ్యం అనే భావన ఈ ప్రశ్నకు శాస్త్రీయతను అద్దుతుంది. హెక్టారు బీడుపై ఎన్ని గొర్రెలను మేపవచ్చునో లెక్కించినట్లే, సరస్సు ఒడ్డున ఎందరు నిలబడవచ్చునో లెక్కించవచ్చునన్న నమ్మకం దాని వెనుక ఉన్నది. ఒజె చరిత్రను పరిశీలిస్తే అది మొదట అడగవలసిన ప్రశ్న కాదని తెలుస్తుంది. అడుగు ఎక్కడ పడుతున్నది, ఆ అడుగుతో పాటు ఏమి వస్తున్నది, ఏమి మిగిలిపోతున్నది, అది ఏ వారంలో పడుతున్నది అన్నవి దానికన్నా ముందుగా తేలవలసిన విషయాలు. పైగా ఇవన్నీ గేటు దగ్గర కాపలాదారు తేల్చగలిగినవి కావు. మనుషుల నడవడిని మార్చే విస్తరణ విద్య పరిధిలోనివి.

ముందుగా ఆ నేల స్వభావాన్ని గమనించాలి. ఒజెగహారా అనే మైదానం తూర్పు పడమరలుగా సుమారు ఆరు కిలోమీటర్లు, ఉత్తర దక్షిణాలుగా రెండు కిలోమీటర్ల మేర విస్తరించిన పీట్ నేల. చలి, నీటి నిలువ, ఆమ్లత్వం కలిసి మొక్కల అవశేషాలను పూర్తిగా కుళ్లనివ్వవు. స్ఫాగ్నం నాచు, తుంగ జాతులు ఏటేటా చనిపోయి, ఒకదానిపై ఒకటి పేరుకొని, ఏడాదికి ఒక మిల్లీమీటరు కన్నా తక్కువ మందాన పెరుగుతూ వచ్చి నాలుగైదు మీటర్ల పొరగా ఏర్పడ్డాయి. మైదానం మధ్యభాగం చుట్టుపక్కల కన్నా కొద్దిగా ఉబ్బి ఉంటుంది. అక్కడి మొక్కలకు వాన, మంచు తెచ్చే పోషకాలు తప్ప వేరే ఆధారం దాదాపు లేదు. సారం లేకపోవడమే ఆ నేలకు రక్షణ. నేల సారాన్ని పెంచడమే వృత్తిగా గల వ్యవసాయ శాస్త్రజ్ఞునికి ఈ మాట తలకిందులుగా తోచవచ్చును గాని, ఇక్కడ నత్రజని, భాస్వరం పెరగడమంటే వేల సంవత్సరాలుగా నిలిచిన మొక్కల సముదాయాన్ని కలుపుకు అప్పగించడమే.

తొక్కుడు ప్రభావాన్ని వివరించడానికి తెలుగు రైతుకు తెలిసిన పోలిక ఒకటి ఉన్నది. వరి మడిలో దమ్ము చేయడమంటే నేల నిర్మాణాన్ని కావాలనే విరగగొట్టడం. రేణువుల మధ్య ఖాళీలు మూసుకొని నీరు ఇంకకుండా నిలుస్తుంది. పైరు కోత తర్వాత మడి ఆరుతుంది, నెర్రెలు విచ్చుతుంది, మరల దున్నుతారు. ప్రతి ఏడూ విరిగి ప్రతి ఏడూ కుదుటపడే నేల అది. పీట్‌కు ఈ రెండవ అవకాశం లేదు. స్పంజి వంటి స్ఫాగ్నం పొర పాదం కింద నలిగినచోట గుంట పడుతుంది, గుంటలోకి నీరు చేరి కాలువ కడుతుంది, కాలువ పక్క నేల ఆరుతుంది, ఆరిన పీట్‌లోకి గాలి చొరబడి వేల ఏళ్ల నిలువ కర్బనం కుళ్లడం మొదలవుతుంది. మంచు గడ్డకట్టి కరిగినప్పుడల్లా బోడి నేల పైపొర లేచి కొట్టుకుపోతుంది. పది సెంటీమీటర్ల పొర ఇలా పోతే, అది తిరిగి పేరుకోవడానికి నూరేళ్లకు పైగా పడుతుంది.

ఒజె ఈ పాఠాన్ని అయామెదైరా అనే చోట నేర్చుకొన్నది. 1949లో జపాన్ రేడియోలో ప్రసారమైన ‘నత్సు నో ఒమొయిదె’ అనే పాట ఒజె పేరును ఇంటింటికీ చేర్చినది. తర్వాతి పదిహేనేళ్లలో వచ్చిన జనంలో చాలామంది 1,900 మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్న ఈ చదును శిఖర భాగానికి ఎక్కారు. బాట సరిగా లేదు. ఎవరికి తోచినచోట వారు నడిచారు, కూర్చున్నారు, అన్నం తిన్నారు. పచ్చిక బయలు నల్లని పీట్ బురదగా మారినది. 1960లలో మొదలైన పునరుద్ధరణ దశాబ్దాల పాటు సాగినది. మొదట వేరేచోటి నుంచి గడ్డపెళ్లలు తెచ్చి అతికించారు. తర్వాత తుంగ కుటుంబానికి చెందిన స్థానిక మొక్క విత్తనాన్ని అక్కడే సేకరించి చల్లి, గడ్డి చాపలు కప్పి, మంచుకూ కోతకూ అడ్డుపెట్టారు. పచ్చదనం చాలావరకు తిరిగి వచ్చినది. అయితే తిరిగి వచ్చినది పైన కనిపించే తుంగ మాత్రమే, కింద పోయిన పీట్ కాదు. పునరుద్ధరణ నివేదికల్లో పచ్చని విస్తీర్ణాన్ని మాత్రమే చూసి సంతృప్తి పడే అలవాటు ఈ తేడాను మరుగుపరుస్తుంది.

ఆ అనుభవం ఫలితమే నేటి చెక్కబాటలు. ఒజె అంతటా కలిపి సుమారు 65 కిలోమీటర్ల పొడవున, రెండు పలకలు పక్కపక్కనే పరచి, కుడివైపు నడవాలన్న నియమంతో వీటిని ఏర్పాటు చేశారు. తడిలో, మీటర్ల మందం మంచు కింద ఉండే లార్చ్ కలప పదేళ్లకు మించి నిలవడం కష్టం. కనుక ఏటా ఏదో ఒక భాగాన్ని మార్చుతూనే ఉండాలి. రోడ్డు లేని చోటికి కలపను హెలికాప్టరులో దింపాలి. ఖర్చు తక్కువ కాదు. అయినా సందర్శకుల నిర్వహణలో ఇంతగా ఫలించిన సాధనం మరొకటి లేదనే చెప్పాలి. ఎందుకంటే అది ఎవరికీ ఉపన్యాసం ఇవ్వదు. బాట పక్కన బురద, బాటపైన పొడి పలక ఉన్నప్పుడు మనిషి తనంతట తానే పలకపై నడుస్తాడు. సరైన పనిని సులభమైన పనిగా మార్చడం విస్తరణ శాస్త్రంలో పాత సూత్రమే. అది ఫలించని సందర్భాలు కూడ గమనార్హం. బాట ఇరుకైనచోట, ఎదురెదురుగా గుంపులు వచ్చినచోట, ఛాయాచిత్రానికి అనువైన మలుపు ఉన్నచోట కాళ్లు పలక దిగుతాయి. అటువంటి చోట హెచ్చరిక బోర్డు నాటడం కన్నా పలకను రెండడుగులు వెడల్పు చేయడం మేలు.

ఇంత నష్టం చేసిన సందర్శకులను మొదటే నిషేధించి ఉంటే సరిపోయేది కదా అన్న వాదం సహజం. ఒజె చరిత్ర దీనికి అడ్డు నిలుస్తుంది. అక్కడి నీటిని జలవిద్యుత్తుకు మళ్లించే ప్రణాళికలు ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాల నుంచే ఉన్నాయి. సరస్సు ఒడ్డున బస నిర్మించి జీవించిన హిరానో చోజో వాటిని వ్యతిరేకించిన తొలి వ్యక్తి. 1971లో సరస్సుకు సమీపంగా మోటారు రహదారి నిర్మాణం సాగుతున్నప్పుడు ఆయన మనుమడు హిరానో చోసెయి, అదే ఏడు ఏర్పడిన పర్యావరణ సంస్థ అధిపతి ఒయిషి బుయిచిని నేరుగా కలిసి మొరపెట్టుకొన్నాడు. ఒయిషి స్వయంగా వచ్చి చూశాడు. నిర్మాణం ఆగినది. చోసెయి ఆ సంవత్సరం డిసెంబరులోనే కొండదారిలో మంచుకు చిక్కి మరణించాడు. విద్యుత్ సంస్థ నీటి హక్కును పూర్తిగా వదులుకొన్నది 1996లో. ఈ పోరాటాల వెనుక నిలిచిన ప్రజాభిప్రాయం ఒజెను కళ్లారా చూసిన, అక్కడ నడిచిన వారిది. నేలను తొక్కినవారే దానిని మునగకుండా కాపాడినవారు కూడ. ఎవ్వరూ చూడని చిత్తడి నేలకు ఆనకట్ట వస్తే అడ్డుపడేవారు ఎవరు అన్న ప్రశ్నను నిషేధవాదులు తప్పించుకోలేరు.

విస్తరణ విద్యార్థులకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించవలసిన ఘట్టం 1972 నాటిది. అప్పటికి ఒజెలో చెత్తబుట్టలు సుమారు 1,400 ఉండేవి. అవి నిండి పొర్లేవి, జంతువులు వాటిని చిందరవందర చేసేవి. బుట్టల సంఖ్య పెంచడం మామూలుగా తోచే పరిష్కారం. ఒజె ఆ బుట్టలన్నిటినీ తొలగించినది. తెచ్చిన చెత్తను తెచ్చినవారే ఇంటికి తీసుకుపోవాలన్న ఉద్యమం మొదలైనది. బుట్ట ఉన్నంతకాలం చెత్త బాధ్యత బుట్ట పెట్టినవారిది. బుట్ట లేనప్పుడు ఆ బాధ్యత చేతిలో పొట్లం ఉన్నవారిది. అయితే బుట్టలు తీసివేయడం ఒక్కటే దీనిని సాధించలేదు. బసల నిర్వాహకులు, మార్గదర్శకులు, స్వచ్ఛంద సేవకులు ప్రవేశమార్గాల వద్ద ఏళ్ల తరబడి ఇదే మాట చెప్పారు. ముందుగా ఆచరించినవారిని చూసి తర్వాతివారు ఆచరించారు. నూతన పద్ధతుల వ్యాప్తిని గురించి తరగతిలో చదువుకొనే ప్రతి దశా ఇందులో కనిపిస్తుంది. అవగాహన, ఆసక్తి, ప్రయత్నం, స్వీకరణ. మన దేశంలో పర్యాటక స్థలాల శుభ్రత పేరుతో బుట్టల కొనుగోలుకే నిధులు వెచ్చించి, వాటిని ఖాళీ చేసేవారిని నియమించని ధోరణి ఇంకా కొనసాగుతుండడం విచారకరం.

కంటికి కనిపించే చెత్తను అదుపు చేయడం కొంత సులభం. కనిపించనిది మలమూత్రాలతో, స్నానపు నీటితో, వంటగది నీటితో చేరే పోషకం. ఒజెలో బసల నుంచి వెలువడిన మురుగు కలిసిన చోట్ల మిజుబషో మొక్కలు అసాధారణంగా పెద్ద ఆకులతో పెరగడం గమనించారు. మిజుబషో చేమ కుటుంబపు మొక్క. దాని తెల్లని పూరేకు వంటి తొడుగును చూడడానికే మే చివర, జూన్ మొదట్లో జనం వస్తారు. పెద్ద ఆకును చూసి సందర్శకుడు మురిసిపోయి ఉండవచ్చును గాని, పోషక లోపంపై నిలిచిన నేలకు అది రోగలక్షణం. తర్వాతి కాలంలో మురుగు శుద్ధి ఏర్పాట్లు వచ్చాయి. శుద్ధి చేసిన నీటిని కూడ చిత్తడిలోకి వదలక గొట్టాల ద్వారా వెలుపలికి పంపే పద్ధతి వచ్చినది. మరుగుదొడ్డి వాడినవారు నూరు యెన్‌ల నాణెం వేసే పెట్టెలు వెలిశాయి. బసల్లో స్నానం ఉన్నది గాని సబ్బు, షాంపూ వాడకూడదు. పడకలకు ముందస్తు నమోదు తప్పనిసరి. ఈ చివరిది నిజమైన సంఖ్యా నియంత్రణే. రాత్రి బసచేసేవారు వదిలే పోషకం పగటి సందర్శకులు వదిలే దానికన్నా ఎక్కువ కనుక, పరిమితి అక్కడ విధించడంలో శాస్త్రీయత ఉన్నది.

చెప్పులకు అంటుకొని వచ్చే విత్తనం మరొక ముప్పు. ఒజె బాటల పక్కన చేరిన బయటి మొక్కల్లో ఓబాకో ఒకటి. అది మనకు తెలిసిన ఇసబ్‌గోల్‌కు దగ్గరి బంధువు, రెండూ ప్లాంటాగో ప్రజాతివే. ఇసబ్‌గోల్ పొట్టు నీటిలో జిగురుగా ఉబ్బినట్లే ఓబాకో విత్తనం తడి తగలగానే జిగురు పట్టి పాదరక్షల అడుగుకు అతుక్కొంటుంది. మైదానంలో దారుల వెంట పెరిగే ఈ మొక్క మనిషి నడిచినంత దూరం నడుస్తుంది. అందుకే ప్రవేశమార్గాల వద్ద చెప్పులు రుద్దుకొని వెళ్లే చాపలు పరిచారు. విత్తన ధ్రువీకరణలో, కలుపు నివారణలో శిక్షణ పొందినవారికి ఈ చాప విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఇక సంఖ్య విషయానికి వస్తే, ఒజెకు అత్యధికంగా జనం వచ్చినది 1996లో, ఆరు లక్షల నలభై వేలకు పైగా. అయితే నష్టాన్ని నిర్ణయించినది ఈ వార్షిక మొత్తం కన్నా దాని పంపిణీ. మిజుబషో పూసే రెండు మూడు వారాలు, జూలైలో నిక్కో కిసుగె అనే పసుపు పూల వారాలు, శరదృతువులో గడ్డి ఎర్రబారే కొద్ది రోజులు, వాటిలోనూ శని, ఆదివారాలు. జనం ఈ రోజుల్లోనే కిక్కిరిసేవారు. అది కూడ ఒకటి రెండు ప్రవేశమార్గాల నుంచే. 1970ల నుంచి సొంత కార్లను కనుమల వరకు రానీయకుండా ఆపి బస్సుల్లో చేరవేయడం, తక్కువ వాడుకలో ఉన్న మార్గాలను పరిచయం చేయడం ఈ రద్దీని పలచన చేసే ప్రయత్నాలే. మన తూర్పు కనుమల్లో లంబసింగి, వంజంగి కొండలు చిత్తడి నేలలు కాకపోయినా అక్కడి ఒత్తిడి స్వరూపం ఇదే. చలికాలపు వారాంతాల్లో తెల్లవారుజామున రెండు మూడు గంటలు. చింతపల్లి పరిశోధన స్థానంలో పనిచేసేవారికి ఆ వాహనాల వరుస పరిచితమే. అటువంటి చోట వార్షిక సందర్శకుల సంఖ్యపై పరిమితి విధించడం, ఒక్క రోజు కురిసిన కుంభవృష్టిని సంవత్సర వర్షపాతపు సగటుతో కొలవడం వంటిది.

1996 తర్వాత ఒజెకు వచ్చేవారి సంఖ్య క్రమంగా తగ్గి, సగానికి లోపు పడిపోయినది. సంఖ్యే సమస్య అయితే చిత్తడి నేల ఈపాటికి కుదుటపడవలసినది. జరిగినది వేరు. 1990ల మధ్య నుంచి జింకల మందలు మైదానంలోకి రావడం మొదలైనది. అవి నిక్కో కిసుగె మొగ్గలను మేసివేస్తున్నాయి, వేర్ల కోసం పీట్‌ను తవ్వుతున్నాయి, బురదలో పొర్లాడి గుంటలు చేస్తున్నాయి. వాటికి చెక్కబాట పట్టదు. కంచెలు కట్టడం, పట్టివేత వంటి చర్యలు సాగుతున్నాయి. ఇదే కాలంలో సందర్శకులు తగ్గడంతో బసల ఆదాయం తగ్గినది. బాటల మరమ్మతు, మరుగుదొడ్ల నిర్వహణ, మార్గదర్శకుల ఉపాధి అన్నీ ఆ ఆదాయంతో ముడిపడినవే. వీపుపై పెద్ద పెద్ద పెట్టెల దొంతరతో, ఎనభై తొంభై కిలోల బరువుతో, బసలకు సరుకులు చేరవేసే బొక్కాలనే కూలీలు నేటికీ ఆ పలకలపై కనిపిస్తారు. వారిలో ఒక్కరు తగ్గినా చిత్తడి నేలను రోజూ గమనించే రెండు కళ్లు తగ్గినట్లే.

చంద్రతాల్ విషయంలో ఒజె పద్ధతులను యథాతథంగా తీసుకోవడం సాధ్యం కాదు, తగదు కూడ. అక్కడ తరతరాల బసలు లేవు, వేసవిలో వెలసి మంచుకు ముందే విప్పివేసే గుడారాలు ఉన్నాయి. చెక్కబాటకు దగ్గరలో కలప లేదు, చెట్లే లేవు. చలి తీవ్రత వల్ల గుంట మరుగుదొడ్లలో మలం కుళ్లడం చాలా నెమ్మది. వాహనాలను సరస్సుకు దూరంగానే ఆపడం, ఒడ్డున గుడారాలు నిషేధించి వాటిని దిగువకు తరలించడం వరకు జరిగిన చర్యలు సరైనవే. అయితే తరలించిన చోట అవే గుంటలు, అవే వాగుల పక్కన తవ్వితే నష్టం చోటు మారినదే గాని తగ్గినది కాదు. వేసవిలో గద్దీ కాపరులు తెచ్చే గొర్రెల మందలు అక్కడి పచ్చికపై ఆధారపడతాయి. పచ్చిక పలచబడినప్పుడు పర్యాటకుడు కాపరిని, కాపరి పర్యాటకుని వేలెత్తి చూపడం సహజం. ఒజె జింకలతో మాట్లాడడం ఎవరికీ సాధ్యం కాదు. ఇక్కడి మందకు కాపరి ఉన్నాడు, అతనికి ఏ వాలు ఏ నెలలో తట్టుకొంటుందో తెలుసు. మేతకూ నడకకూ వేర్వేరు వాలులు, వేర్వేరు వారాలు నిర్ణయించే సంభాషణలో అతనిని కూర్చోబెట్టకపోతే ఆ నిర్ణయం కాగితంపైనే మిగులుతుంది.

ఒజెలో హిరానో కుటుంబం వంటి బసల యజమానులు చేసిన పనిని చంద్రతాల్‌లో చేయగలవారు జీపు డ్రైవర్లు, గుడారాల వంటవారు. సందర్శకుడు సరస్సును చూడకముందే కొన్ని గంటలపాటు వారి మాట వింటాడు. ప్రవేశద్వారం దగ్గరి బోర్డును చదవనివాడు కూడ మంచు కనుమపై డ్రైవరు చెప్పినదానిని కాదనడు. అయినా సందర్శకుల నిర్వహణపై జరిగే పరిశోధనల్లో ప్రశ్నావళి ఎప్పుడూ సందర్శకునికే చేరుతుంది. ఎంత రుసుము చెల్లించడానికి సిద్ధం, ఎంత సంతృప్తి చెందారు అన్న ప్రశ్నలే అందులో ఉంటాయి. విస్తరణ విభాగపు స్నాతకోత్తర విద్యార్థి ఒకరు జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఆ దారిపై ఉండి, డ్రైవరు బండి ఎక్కడ ఆపుతున్నాడు, ఏ మాట చెప్పి ఆపుతున్నాడు, వంటవాడు పాత్రలు కడిగిన నీటిని ఎక్కడ పారబోస్తున్నాడు, ఎందుకు అక్కడే పారబోస్తున్నాడు అని నమోదు చేస్తే, తర్వాతి వేసవికి మరుగుదొడ్డి ఎక్కడ కట్టాలో, కాలిబాటకు హద్దురాళ్లు ఎక్కడ పాతాలో నిర్ణయించడానికి ఆ నోటుబుక్కు పనికివస్తుంది.